ఇల్లూ వాకిలీ: కుక్కకు పెరుగన్నం పడకపోతే

తెలుగువాళ్ళ ఇళ్ళలో కుక్కకు ఏం పెడతారని ఎవరైనా అడిగితే మొదట వచ్చే జవాబు పెరుగన్నం. నెల్లూరులో ఉన్నా, మదరాసులో ఉన్నా, బొంబాయిలో ఉన్నా ఇందులో పెద్ద తేడా లేదు. అందరి భోజనాలూ అయ్యాక మిగిలిన అన్నంలో కాస్త పెరుగో మజ్జిగో కలిపి, ఒక సొట్ట గిన్నెలో వేసి వాకిట్లో పెట్టడం మన అవ్వల నాటి నుంచీ ఉన్న అలవాటు. ఎన్నో కుక్కలు ఆ తిండి మీదే పెరిగి, ఇల్లు కాపలా కాసి, పదేళ్ళూ పన్నెండేళ్ళూ బతికి పోయాయి. అలాంటి పెరుగన్నం మీద ఈసారి అనుమానం లేవదీస్తున్నందుకు పెద్దలు కోప్పడకూడదు.

వ్యాసర్పాడిలో మనవాళ్ళ కుటుంబం ఒకటి ఉంది. ఇంటిల్లిపాదీ ఆరుగురు, ఏడోది బుజ్జిగాడు. జాతి కుక్క కాదు, అచ్చమైన నాటు కుక్క. కళ్ళు తెరవని పిల్లగా వీధిలో దొరికితే ఇంటి అవ్వ తెచ్చి పెంచింది. మూడేళ్ళ వయసు దాకా రాయిలా ఉన్నాడు. ఆ తర్వాత దురద మొదలైంది. రాత్రంతా గోక్కోవడం, కాళ్ళు నాకి నాకి వేళ్ళ మధ్య ఎర్రగా చేసుకోవడం, చెవుల్లోంచి కంపు. మందు వేస్తే పది రోజులు తగ్గేది, ఆపగానే మళ్ళీ మొదలు. వేపనూనె రాశారు, పసుపు పట్టించారు, ఎండాకాలం వేడి అని మజ్జిగ ఇంకాస్త ఎక్కువ పోశారు. రెండేళ్ళు ఇలాగే గడిచాయి. చివరికి ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఈ రోగం దానికి అంటుకుంటుందేమో, ఎక్కడైనా దూరంగా వదిలేసి వద్దాం అనే మాట వచ్చింది. అవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదట.

ముందు ఆ వదిలేయడం సంగతి చెప్పాలి. అయిదేళ్ళు ఇంటి గడప లోపల పెరిగిన కుక్క కొత్త వీధిలో, అక్కడి కుక్కల మధ్య, ఎన్నాళ్ళు బతుకుతుంది? పైగా ఆకలిదప్పులతో బాధపడేలా పెంపుడు జంతువును కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. ఇక అంటుకునే మాట. గజ్జి పురుగు వల్ల వచ్చే దురద, తామర లాంటివి మనుషులకు అంటవచ్చు. తిండి పడక వచ్చే దురద ఎవరికీ అంటదు. కనుక కుక్కను వదిలించుకునే ముందు అది ఏ దురదో తెలుసుకోవాలి.

అవ్వ వాదన ఒకటుంది. మన ఇళ్ళలో చాలామంది అదే అంటారు. "పుట్టినప్పటి నుంచీ ఇదే తింటున్నాడు. అప్పుడు పడింది ఇప్పుడెందుకు పడదు?" వినడానికి న్యాయంగానే ఉంది. కాని ఒంటికి పడకపోవడం అనేది నడిచే తీరు దీనికి తలకిందులు. ఎప్పుడూ తినని పదార్థాన్ని ఒళ్ళు శత్రువుగా గుర్తుపెట్టుకోలేదు. ఏళ్ళ తరబడి తిన్న మాంసకృత్తినే ఒకనాడు శత్రువని పొరబడి, అది లోపలికి వచ్చినప్పుడల్లా పోరుకు దిగుతుంది. ఆ పోరే చర్మం మీద దురదగా, చెవిలో వాపుగా, కొన్ని కుక్కలలో వాంతులుగా, విరేచనాలుగా కనబడుతుంది. కాబట్టి దోషిని వెతకవలసింది నిన్న మొన్న పెట్టిన కొత్త తిండిలో కాదు, రోజూ పెట్టే పాత గిన్నెలో.

ఇక్కడ రెండు సంగతులు కలగాపులగం అవుతుంటాయి. పాలు తాగితే కొన్ని కుక్కలకు కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. అది పాలలోని చక్కెర అరగకపోవడం. పెరుగు తోడుకునేటప్పుడు ఆ చక్కెర కొంత తగ్గిపోతుంది కనుక పాలు పడని కుక్కకు పెరుగు పడవచ్చు. మనవాళ్ళు "పెరుగు చలవ" అనడంలో ఆ మేరకు అనుభవం ఉంది. కాని కుక్క ఒళ్ళు ఎదురుతిరిగింది పాలలోని మాంసకృత్తి మీదనైతే, పాలైనా పెరుగైనా మజ్జిగైనా ఒకటే. ఎంత పులిసినా ఆ మాంసకృత్తి ఎక్కడికీ పోదు. నెయ్యిలో మాత్రం అది బహు స్వల్పం.

అయితే గోక్కునే ప్రతి కుక్కా తిండి పడక గోక్కుంటోందనుకుంటే మళ్ళీ పొరపాటే. మదరాసు ఉక్కకు గోమార్లు, పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి. చెమ్మకు చెవుల్లో, వేళ్ళ సందుల్లో బూజు జాతి క్రిములు పెరుగుతాయి. గజ్జి పురుగులున్నాయి. దుమ్ము, పుప్పొడి పడని కుక్కలున్నాయి. ఇవన్నీ తిండి దురద కంటే ఎక్కువగా కనబడేవే. చలి దేశాలలో ఒక ఆనవాలు చెబుతారు: కాలాన్ని బట్టి వచ్చి పోయేది పుప్పొడి దురద, ఏడాదంతా ఉండేది తిండి దురద అని. మనకు ఎండాకాలం, మరీ ఎండాకాలం, వానాకాలం తప్ప వేరే కాలం లేదు కనుక ఈ ఆనవాలు ఇక్కడ అంతగా అక్కరకు రాదు. అందుకని ముందు పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళి చర్మం గీకించి పరీక్ష చేయించడం, పిడుదుల మందు సరిగ్గా వేయించడం, చెవుల చీము తగ్గించడం జరగాలి. వ్యాసర్పాడి వాళ్ళకు ఇందులో ఒక అదృష్టం ఉంది. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల, దాని ఆసుపత్రి, పక్కనే వేపేరిలో ఉన్నాయి. దేశంలోని పాత పశువైద్య విద్యాలయాలలో అదొకటి. ఇంత దగ్గరలో ఇంత వసతి ఎన్ని ఊళ్ళకుంది?

ఈ చికిత్సలన్నీ అయ్యాక కూడా దురద తిరిగి వస్తుంటే అప్పుడు తిండి వైపు చూడాలి. 2016లో వెలువడిన ఒక సమీక్షలో తిండి పడని 297 కుక్కల వివరాలు కూర్చి చూశారు. వాటిలో నూటికి 34 కుక్కలకు గొడ్డుమాంసం, 17 కుక్కలకు పాల పదార్థాలు, 15 కుక్కలకు కోడి, 13 కుక్కలకు గోధుమ పడలేదు. గొర్రె మాంసం 5, గుడ్డు 4. చేప, బియ్యం రెండేసి మాత్రమే. అవి పాశ్చాత్య దేశాల కుక్కలు, వాటి తిండి వేరు. మన వీధుల్లో లెక్క తీస్తే అంకెలు మారవచ్చు. అయినా బుజ్జిగాడి దినచర్య వింటే నాకు నవ్వొచ్చింది. పొద్దున టీ బంకులో వర్కీ, బిస్కట్టు. మధ్యాహ్నం పెరుగన్నం. రాత్రి కోడి మెడలు, కాళ్ళు ఉడకేసిన అన్నం. పాలు, గోధుమ, కోడి, ముగ్గురు అనుమానితులూ రోజూ హాజరు!

మరి ముగ్గురిలో ఎవరు? ఇక్కడ భారతం జ్ఞాపకం వస్తుంది. వ్యాసుడి పేరు మీదే వ్యాసర్పాడికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు కనుక ఆ ఊరి కుక్క కథలో భారతం రావడం అసందర్భం కాదు. జనమేజయుడు సత్రయాగం చేస్తుంటే సరమ అనే దేవశునకం కొడుకు ఆడుకుంటూ అక్కడికి వస్తాడు. హవిస్సు నాకలేదు, దానివైపు చూడనైనా లేదు. అయినా రాజుగారి తమ్ముళ్ళు కొట్టి తరుముతారు. తల్లి వచ్చి "నా బిడ్డ ఏ తప్పు చేశాడని కొట్టారు?" అని నిలదీస్తే వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. మన ఇళ్ళలో కుక్క తిండి విషయంలో జరిగేదీ ఇదే. ఎవరో కోడి వేడి అంటారు, కోడి మానేస్తారు. ఇంకెవరో అన్నం వల్ల అంటారు, అన్నం మానేస్తారు. విచారణ లేకుండా శిక్షలు పడిపోతుంటాయి. అసలు దోషి దర్జాగా గిన్నెలో కూర్చునే ఉంటాడు.

విచారణ పద్ధతి ఒకటే ఉంది. డబ్బు ఖర్చు తక్కువ, ఓపిక ఖర్చు ఎక్కువ. ఆ కుక్క జన్మలో తినని ఒక మాంసకృత్తి, తినని ఒక పిండి పదార్థం, ఈ రెండూ, మంచినీళ్ళూ తప్ప ఎనిమిది వారాల పాటు ఇంకేమీ పెట్టకూడదు. అయిదు వారాలయ్యేసరికి తిండి పడని కుక్కలలో నూటికి ఎనభైకి పైగా తేరుకుంటాయని, ఎనిమిది వారాలకు తొంభై దాటుతాయని పరిశోధకులు లెక్క కట్టారు. రెండు వారాలు చూసి "ఏం లాభం లేదు" అని మానేసేవాళ్ళు పంట కోతకు రాకముందే పొలం అమ్ముకున్నట్టే.

బుజ్జిగాడి విషయంలో డాక్టరుగారు చేప, చిలగడదుంప అన్నారు. ఆ ఇంట్లో ఆదివారం చేపల పులుసు తప్పదు గాని, ముల్లు గుచ్చుకుంటుందనే భయంతో కుక్కకు ఎన్నడూ పెట్టలేదు. చిలగడదుంప అంటే కోస్తావాళ్ళకు తెలుస్తుంది, రాయలసీమవాళ్ళు గెనుసుగడ్డ అంటారు, తెలంగాణలో కందగడ్డ, వ్యాసర్పాడి అంగట్లో అడగాలంటే చక్కరవల్లి. పేరు ఏదైనా పనికొస్తుంది. చేపలకు కాశిమేడు రేవు ఉండనే ఉంది. వంజరం కొని కుక్కకు పెట్టమని ఎవరూ అనరు, చవకగా దొరికే కవళ్ళు చాలు. అరవంలో మత్తి అనేవి ఇవే. కుక్కరులో మెత్తగా ఉడికించి, ముళ్ళు ఏరి, ఉప్పు, కారం, నూనె, పసుపు ఏదీ లేకుండా దుంపతో మెదిపి పెట్టాలి. చేప తాజాగా ఉండాలి. నిలవ ఉన్న చేపలో పుట్టే ఒక పదార్థమే దురద తెస్తుంది, అప్పుడు విచారణ మొత్తం తారుమారు. ఇంకో సంగతి: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవల వేటకు నిషేధం. ఆ రోజుల్లో చేపకు కరువు, ధరకు రెక్కలు. ఎనిమిది వారాల వ్రతం సరిగ్గా అప్పుడే పట్టకుండా ముందే చూసుకోవడం మంచిది.

చేపలు ముందే తిన్న కుక్కకు ఇది కుదరదు. అప్పుడు డాక్టరు వేరే మాంసం చెబుతారు. కోడి మీద అనుమానం ఉంటే దాని బదులు బాతు, కౌజు అనుకోకూడదు. ఒకే రెక్కల జాతి కనుక ఒకటి పడనివాడికి రెండోదీ పడకపోవచ్చు. ఆవు, గొర్రె, మేకల మధ్య కూడా ఇలాంటి చుట్టరికం కొంత ఉంది.

వంట తేలిక. కష్టమంతా మనుషులతోనే. ఆరుగురున్న ఇంట్లో కుక్కకు ఆరుగురు అన్నదాతలు. అబ్బాయి బడి నుంచి వచ్చి బిస్కట్టు సగం కొరికి సగం పడేస్తాడు. టీ బంకు ఆయన చూసి చూసి జాలితో వర్కీ విసురుతాడు. పక్కింటి అత్తయ్య "పాపం, చిక్కిపోయాడు" అని సాంబారన్నం పెడుతుంది. (సాంబారులోని ఉల్లిపాయలు ఏ కుక్కకూ పనికిరావు, రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఇది దురద ఉన్నా లేకపోయినా గుర్తుంచుకోవలసిన మాట.) ఒక్క ముక్క చాలు, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఎవరికీ తట్టని దొంగదారి ఇంకొకటుంది, మందులు. పిడుదులకు, పురుగులకు ఇచ్చే నమిలే మాత్రలలో చాలావాటికి మాంసం రుచి కలుపుతారు. మాత్రను రొట్టెముక్కలోనో కోడిముక్కలోనో దాచి మింగించడం మనకు అలవాటు. ఈ ఎనిమిది వారాలూ రుచి లేని మందు రాయమని డాక్టరును అడగాలి, చిలగడదుంప ముద్దలో దాచి ఇవ్వాలి. చర్మం తీసి చేసిన నమిలే ఎముకలు కూడా అంతవరకు బంద్.

ఆ ఇంటివాళ్ళు ఒక మంచి పని చేశారు. గోడ మీద తెలుగు క్యాలెండరులో, తిథి వార నక్షత్రాల పక్కనే, రోజూ దురదకు ఒక మార్కు వేశారు. సున్నా అంటే లేదు, పది అంటే రాత్రంతా నిద్ర లేదు. మొదటి వారం ఎనిమిదీ తొమ్మిదీ. మూడో వారంలో ఆరు. అయిదో వారం నడుమ రెండుకు దిగింది. వేళ్ళ మధ్య వెంట్రుకలు తిరిగి మొలిచాయి. చంటిపిల్ల మళ్ళీ వాడి వీపు మీదెక్కింది.

ఇక్కడితో ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. దోషి ఎవరో తేలకుండా కేసు మూసేసినట్టు ఉంటుంది ఇది. కుక్క జీవితమంతా కవళ్ళు ఉడికించి ముళ్ళు ఏరాలి. పైగా తగ్గింది తిండి మార్చినందుకా, వేరే కారణం వల్లా అన్నది కూడా తెలియదు. అందుకని పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి. తిరగబెడితేనే తిండి దురద అని ఖాయం. ఆ తర్వాత మళ్ళీ కొత్త తిండికి వచ్చి, దురద పోయాక, పాత పదార్థాలను ఒక్కొక్కటిగా రెండేసి వారాలు కలిపి చూడాలి. అవ్వ దీనికి ఒక పట్టాన ఒప్పుకోలేదు. తగ్గిన రోగాన్ని మళ్ళీ పిలుస్తారా అంది. కాని ఆమెకే ఎక్కువ లాభం జరిగింది. కోడి పెడితే ఏమీ కాలేదు. గోధుమ బిస్కట్టుకూ ఏమీ కాలేదు. పెరుగు కలిపిన నాలుగో నాడు మార్కు ఏడుకెక్కింది. మూడు నేరాలు మోపబడిన వాళ్ళలో ఇద్దరు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఇప్పుడు అవ్వ అన్నంలో కోడి ఉడికిన నీళ్ళు కలిపి పెడుతోంది. అన్నం నా చేతిదే కదా, చాలు అంటోంది.

కుక్క తోడేలు జాతి, దానికి అన్నమేమిటి అని ఎగతాళి చేసేవాళ్ళకు ఒక మాట. 2013లో శాస్త్రజ్ఞులు తోడేళ్ళ జన్యువులను, కుక్కల జన్యువులను పోల్చి చూస్తే, పిండి పదార్థం అరిగించే జన్యువు ప్రతులు కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడ్డాయి. మనిషి చెంత వేలయేళ్ళు ఉండి మన ముద్దను అరిగించుకోవడం నేర్చుకుంది ఆ జంతువు. ధాన్యం లేని తిండి అనే మోజు విదేశాల నుంచి వచ్చింది. అమెరికాలో ఉన్న పిల్లలు వస్తూ వస్తూ పెట్టెలో అలాంటి సంచీ తెస్తున్నారు కూడా. పైన చెప్పిన లెక్కల్లో మాంసాలు, పాలే ముందున్నాయి, ధాన్యాలలో గోధుమ తప్ప మిగతావి అడుగున ఉన్నాయి. ధాన్యం బదులు బఠాణీ, పప్పులు దండిగా వేసిన కొన్ని తిండ్లకు, కుక్కలలో గుండె కండరం జబ్బుకు సంబంధం ఉందేమోనని 2018లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి హెచ్చరిక కూడా చేసింది. అది ఇంకా తేలని విషయమే గాని, తేలేదాకా మన బియ్యాన్ని తిట్టనక్కరలేదు.

సంచీల మాట వచ్చింది కనుక: ముందు వైపు గొర్రె బొమ్మ చూసి కొనకండి, వెనక వైపు చిన్న అక్షరాలు చదవండి. గొర్రె అని పెద్దగా రాసి, లోపల కోడి పొడి, కోడి కొవ్వు కలిపినవి ఉంటాయి. విచారణకు సంచీ తిండే కావాలనుకుంటే, మాంసకృత్తిని ఒళ్ళు గుర్తుపట్టలేనంత చిన్న తునకలుగా చేసిన ప్రత్యేకమైన తిండి డాక్టరు చీటీ మీద దొరుకుతుంది. ఖరీదు ఎక్కువ. వండే ఓపిక లేని ఇళ్ళకు, పెరిగే పిల్ల కుక్కలకు అదే మేలు. ఇక రక్తం పంపండి, వెంట్రుక పంపండి, ఏ తిండి పడదో జాబితా ఇస్తాం అనే పరీక్షలను తిండి విషయంలో నమ్మలేం. 2019లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కుక్క వెంట్రుకలతో పాటు కృత్రిమ బొచ్చు కూడా పంపి చూశారు. ఆ బొచ్చుకు కూడా పడని పదార్థాలున్నట్టు జవాబు వచ్చింది!

నాటు కుక్కకు ఇలాంటి జబ్బులు రావు, అవన్నీ సీమ కుక్కల వయ్యారాలు అనే మాట కూడా వింటుంటాం. బుజ్జిగాడే దానికి జవాబు. తెలుగు మాట్లాడే రాజుల ఊరైన రాజపాళయం నుంచి వచ్చిన తెల్ల వేటకుక్క, 2005లో తపాలా బిళ్ళకెక్కిన ఘనమైన జాతి, దానికైనా ఇది రాకూడదనే నియమం లేదు.

మాంసం వండని ఇళ్ళవారు అడుగుతారు, మా సంగతేమిటని. పాలు పడని కుక్క మీ ఇంట్లో ఉంటే పెరుగు, పనీరు రెండూ పోతాయి, మిగిలేవి పప్పులు, సోయా, ఒప్పుకుంటే గుడ్డు. కుక్క శాకాహారం మీద బతకగలదు, పిల్లి బతకలేదు. కాని ఉత్తి పప్పన్నంతో కుక్కకు కావలసినవన్నీ అందవు. లెక్క ప్రకారం తయారైన శాకాహారపు సంచీ తిండి వాడాలి, లేదా డాక్టరు చేత లెక్క కట్టించుకోవాలి. ఆ మాటకొస్తే ఇంటి వంట తినే ఏ కుక్కకైనా సున్నం తక్కువ పడుతుంది. ఎనిమిది వారాలు పెద్ద కుక్కకు గడిచిపోతుంది, అదే ఏడాది సాగితే ఎముకలకు చేటు. ఎంత కలపాలన్నది కుక్క బరువును బట్టి ఉంటుంది కనుక, పక్కింటివారి కొలత మీ ఇంట్లో వాడకండి.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు మూడు రోజుల తిండి జాబితా రాసుకుని వెళ్ళండి. టీ బంకు వర్కీ, పిల్లల బిస్కట్లు, పక్కింటి సాంబారన్నం కూడా అందులో ఉండాలి. సంచీ తిండి పెడుతుంటే వెనక వైపు అక్షరాల ఫొటో తీసుకోండి. వాడిన మందుల చీటీలన్నీ ఒక కవరులో వేసుకుని, కుక్కకు ఎవరు ఎక్కువ తినిపిస్తారో ఆ మనిషిని తప్పకుండా వెంట తీసుకువెళ్ళండి.